ఏడు కిలోల్లో సింగపూర్

ఇంటికి బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ముందు అట్టపెట్టెలు దిగుతాయి, తరువాత గోనెసంచులు, చివరికి లారీ. ఈ పత్రిక చదివే మనలో చాలామందికి ఇది తెలిసిన సంగతే. మా నలుగురి బదిలీలూ కలిపి లెక్కేస్తే పదమూడు. గ్రైండరు రాయిని ఎలా కట్టాలో, గాజు గ్లాసులను పాత పేపర్లలో ఎలా చుట్టాలో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ కిందటి వేసవి సెలవుల్లో మాకు కొత్త రకం పరీక్ష వచ్చింది. లారీ లేదు, అట్టపెట్టెలు లేవు. మనిషికి ఒక్క సంచి. అదీ ఏడు కిలోలు దాటకూడదు. ఆ సంచితోనే ఐదు రాత్రులు సింగపూర్‌లో ఉండి రావాలి.

మేము ఉండేది పుదుచ్చేరిలోని తేంగాయితిట్టులో. తమిళంలో తేంగాయి అంటే కొబ్బరికాయ, తిట్టు అంటే నీటి మధ్య కాస్త ఎత్తుగా తేలిన నేల. అరియాంకుప్పం నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఒకవైపు మడచెట్లు, ఇంకోవైపు చేపల హార్బరు. ఒకే మేడలో మూడు తెలుగు కుటుంబాలం అద్దెకుంటున్నాం. ఒకరి నాన్నగారు కస్టమ్స్‌లో, ఒకరి నాన్నగారు కోస్ట్ గార్డులో, ఒకరి అమ్మగారు జిప్‌మర్ ఆసుపత్రిలో పనిచేస్తారు. పెద్దవాళ్ళు ఆరుగురు, పిల్లలం నలుగురం, యానాం నుంచి వచ్చిన మామ్మ ఒకరు. మొత్తం పదకొండు మందిమి. మరుసటి ఏడాదికి మూడు కుటుంబాలూ ఒకే ఊళ్ళో ఉంటాయన్న నమ్మకం లేదు. అందుకే ఒక్కసారైనా అందరం కలిసి ఎక్కడికైనా వెళ్ళాలనుకున్నాం.

ఒక్క సంచే ఎందుకు?

విమానం పొట్టలోకి పంపే పెట్టెను చెక్-ఇన్ బ్యాగు అంటారు. మనతోపాటు లోపలికి తీసుకెళ్ళి తలపై అరలో పెట్టుకునేది క్యాబిన్ బ్యాగు. తక్కువ ధర టిక్కెట్లలో చాలావాటికి చెక్-ఇన్ బ్యాగు ఉండదు. కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. పదకొండు మందికి రానూపోనూ ఆ డబ్బు లెక్కేస్తే చిన్న మొత్తమేమీ కాదు.

రెండో కారణం సమయం. దిగిన తరువాత తిరిగే బెల్టు దగ్గర పెట్టె కోసం నిలబడాలి. గుంపులో ఒక్కరి పెట్టె రాకపోయినా పది మందీ ఆగిపోవాలి. ప్రపంచం మొత్తం మీద 2023లో ప్రతి వెయ్యి మంది ప్రయాణికులకు దాదాపు ఏడు పెట్టెలు ఆలస్యం కావడమో, పాడవడమో, పోవడమో జరిగింది. చేతిలో ఉన్న సంచికి ఈ బాధ లేదు.

మూడో కారణం మా మామ్మ. ఆవిడ మెట్లు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. ప్రతివాళ్ళ రెండు చేతుల్లోనూ పెట్టెలుంటే పట్టుకునేదెవరు?

హార్బరు త్రాసు చెప్పిన నిజం

మొదటి రోజు ఎవరికి తోచినట్టు వాళ్ళం సర్దుకున్నాం. తూచడానికి ఇంట్లో సరైన సాధనం లేదు. మేడ కింది వాటాలో ఉండే బోటు మామను అడిగాం. ఆయనకు హార్బరులో మరబోటు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ నియమం. అందువల్ల మే నెలలో బోటు ఒడ్డునే ఉంది, చేపలు తూచే కొక్కెం త్రాసూ ఖాళీగానే ఉంది.

కొక్కేనికి మా సంచులు ఒక్కొక్కటిగా వేలాడాయి. తొమ్మిదిన్నర కిలోలు, ఎనిమిది, పదకొండు. మామ్మ సంచి ఒక్కటే ఐదు కిలోలు.

బోటు మామ అన్నీ విప్పించి చూశారు. పదకొండు సంచుల్లో పదకొండు టూత్‌పేస్టులు, తొమ్మిది ఛార్జర్లు, ఎనిమిది గొడుగులు, ఏడు సబ్బులు తేలాయి. ఆయన నవ్వి, వచ్చీరాని తెలుగులో ఇలా అన్నారు: “మేము వేటకు పోతే బోటుకు ఒక వల, ఒక స్టవ్వు, ఒక బియ్యం డబ్బా. మనిషికి ఒక వల తెస్తే చేపలు పెట్టేది ఎక్కడ? కానీ గుర్తింపు కార్డు మాత్రం ఎవరిది వాళ్ళ దగ్గరే. బీపీ మాత్ర కూడా అంతే.”

మా ప్రయాణం సామాను సర్దడానికి ఆ మాటే సూత్రమైంది. అంతవరకు “ఇది అవసరం పడుతుందా?” అని అడుగుతూ వచ్చాం. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ “పడొచ్చు” అనే. అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఇది మనలో ఇంకెవరి దగ్గరైనా ఉందా? వాళ్ళు పక్కన లేకపోతే నాకు ప్రమాదమా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని జవాబు వస్తే ఆ వస్తువు మన సంచిలోంచి తీసెయ్యవచ్చు.

నియమాలు, వాటి వెనక కారణాలు

సర్దే ముందు టిక్కెట్టు మీద ఉన్న నియమాలు చదవాలి. అన్ని విమాన సంస్థలకూ ఒకే లెక్క ఉండదు. చాలాచోట్ల బరువు 7 కిలోలు, కొన్నిచోట్ల 10. భుజానికి వేసుకునే చిన్న సంచిని కొందరు విడిగా అనుమతిస్తారు, కొందరు రెండూ కలిపి తూస్తారు. కొలత సాధారణంగా 55 × 35 × 25 సెంటీమీటర్లు. అంటే మూడూ కలిపి 115. చక్రాలు, పిడి కూడా ఈ కొలతలోకి వస్తాయి.

ద్రవాలు: ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. అన్ని సీసాలూ ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉండాలి. 2006 ఆగస్టులో శీతలపానీయాల సీసాల్లో ద్రవ పేలుడు పదార్థాలను విమానాల్లోకి తీసుకెళ్ళాలన్న కుట్రను లండన్‌లో పోలీసులు పట్టుకున్నారు. ఈ నియమం అప్పటినుంచి వచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. చూసేది సీసా పరిమాణాన్ని, లోపల ఎంత మిగిలిందన్నది కాదు. 200 మిల్లీలీటర్ల సీసా అడుగున కొంచెమే షాంపూ ఉన్నా అది పనికిరాదు. టూత్‌పేస్టు, కొబ్బరినూనె, నెయ్యి, పెరుగు, నూనె తేలే పచ్చడి అన్నీ ఈ లెక్కలోనివే. తాగే నీళ్ళ కోసం ఖాళీ సీసా తీసుకెళ్ళి, తనిఖీ దాటాక నింపుకోవచ్చు.

బ్యాటరీలు: పవర్ బ్యాంకు క్యాబిన్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. లిథియం బ్యాటరీ వేడెక్కి అంటుకుంటే మనుషులున్నచోట వెంటనే చూసి ఆర్పగలరు. విమానం పొట్టలో అయితే చూసేవారు ఉండరు. 100 వాట్-అవర్ల వరకు అనుమతి అడగనక్కర్లేదు. లెక్క తేలికే. మిల్లీ ఆంపియర్-అవర్లను 1000తో భాగించి వోల్టులతో గుణించాలి. 20,000 ఉన్న పవర్ బ్యాంకు అయితే 20 × 3.7 = 74 వాట్-అవర్లు. సరిపోతుంది. కానీ అంకెలు చెరిగిపోయిన పవర్ బ్యాంకును ఆపేయవచ్చు. విమానం లోపల దాన్ని వాడనివ్వని సంస్థలూ ఉన్నాయి.

పదునైనవి: కత్తి, కత్తెరలతోపాటు జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినిని కూడా ఇంట్లోనే ఉంచండి. సెలవుల హోంవర్కు పేరుతో మాలో ఒకరు బాక్సు మొత్తం పెట్టేశారు. త్రాసు దగ్గరే బయటపడింది కాబట్టి సరిపోయింది.

ఎండుకొబ్బరి: కొబ్బరిదిబ్బ అని పేరున్న చోటి నుంచి బయలుదేరుతూ కొబ్బరి తీసుకెళ్ళకూడదా అని మామ్మ నొచ్చుకున్నారు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ. గాలి తగిలి తనంతట తానే వేడెక్కే గుణమున్న పదార్థాల జాబితాలో దాన్ని చేర్చారు. అందుకే క్యాబిన్‌లోనూ కుదరదు, చెక్-ఇన్‌లోనూ కుదరదు. శబరిమల యాత్రికుల ఇరుముడిలోని కొబ్బరికాయకు మాత్రం 2024 అక్టోబరులో ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. తనిఖీ చేశాక క్యాబిన్‌లోకి అనుమతిస్తామని, అది 2025 జనవరి 20 దాకా అమల్లో ఉంటుందని పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రకటించారు. మాది యాత్ర కాదు కాబట్టి మామ్మ కొబ్బరి ఇంట్లోనే ఉండిపోయింది.

వెళ్ళే దేశం నియమాలు కూడా ఉంటాయి. సింగపూర్‌లోకి 1992 నుంచి చూయింగ్ గమ్ రానివ్వరు. వీసా కాక, చేరే తేదీతో కలిపి మూడు రోజుల లోపల ఒక ఆగమన పత్రాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్ళకే ఇస్తారు కనుక అన్నిటికంటే ముందు ఆ తేదీ చూడండి. ప్రభుత్వ ఉద్యోగులు విదేశానికి వెళ్ళేందుకు కార్యాలయం అనుమతి కూడా తీసుకోవాలి. మన ఇళ్ళలో ఆ కాగితానికి పట్టే రోజులు మీకు తెలిసినవే.

మామ్మ ఆవకాయ

మామ్మ సంచి ఐదు కిలోలని చెప్పాం కదా. అందులో రెండున్నర కిలోలు ఆవకాయ జాడీయే. నూనె, కారం రెండూ ఉన్న జాడీ తనిఖీ దాటదు. ఆ మాట చెప్పడానికి మా పెద్దవాళ్ళెవరికీ నోరు రాలేదు. చివరికి మాలో చిన్నవాడు చెప్పాడు.

మామ్మ కాసేపు మాట్లాడలేదు. తరువాత తమ ఊరి సంగతి చెప్పారు. యానాం పక్కనే కోరంగి ఉంది. ఒకప్పుడు పేరున్న రేవు. ఆ తీరం నుంచి పందొమ్మిదో శతాబ్దంలో ఎందరో తెలుగువాళ్ళు బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కారు. కోరంగి మీదుగా వచ్చారని అక్కడ వాళ్ళకు కోరంగివాళ్ళన్న పేరే పడింది. చేతిలో ఒక బట్టల మూట, అంతే. 1942లో జపాను సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మోయగలిగినంతే తెచ్చుకున్నారు. “వాళ్ళకి ఏడు కిలోలు కూడా లేవు. పోనీలే, తీసెయ్యండి” అన్నారు మామ్మ. మారిషస్‌లో ఇప్పటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారని మేము చెబితే ఆశ్చర్యపోయారు. జాడీ బోటు మామ ఇంటికి చేరింది. తిరిగి వచ్చేసరికి సగం అయిపోయింది.

ఏది ఉమ్మడి, ఏది సొంతం?

నేలమీద రెండు చాపలు పరిచాం. ఒక చాప మీద ఉమ్మడివి, రెండో దానిమీద సొంతవి.

ఉమ్మడివి ఇవి. ఇంటికొక టూత్‌పేస్టు, బట్టల సబ్బు ఒకటి, బట్టలు ఆరేసే నైలాను తాడు, క్లిప్పులు, ఇద్దరికొక గొడుగు, నాలుగు ఫోన్లు పట్టే ఛార్జర్లు మూడు, ప్రథమ చికిత్స పెట్టె. ప్లగ్గు కోసం అడాప్టరు కూడా. సింగపూర్‌లో కరెంటు మనలాగే 230 వోల్టులు. కానీ ప్లగ్గు కాళ్ళు దీర్ఘచతురస్రంగా ఉంటాయి. కాబట్టి అడాప్టరు చాలు, వోల్టేజి మార్చే పరికరం అక్కర్లేదు.

సొంతవి ఇవి. పాస్‌పోర్టు, రోజూ వేసుకునే మందులు, కళ్ళద్దాలు, కొంత డబ్బు, బస చిరునామా, పెద్దవాళ్ళ ఫోన్ నంబర్లు రాసిన కాగితం. చిన్నపిల్లల పాస్‌పోర్టులు వాళ్ళ అమ్మానాన్నల దగ్గరే ఉండాలి. కానీ కాగితం మాత్రం ప్రతి పిల్లవాడి జేబులోనూ ఉండాలి. ఫోన్ ఛార్జింగ్ అయిపోవచ్చు, కాగితానికి ఆ బాధ లేదు.

మొదట మేము మందులన్నీ ఒకే సంచిలో వేసి జిప్‌మర్ ఆంటీకి ఇచ్చాం. నర్సు కాబట్టి ఆవిడ దగ్గరే ఉండాలనుకున్నాం. చూడటానికి చక్కగా ఉంది. అయితే బోటు మామ అన్న రెండో మాట గుర్తొచ్చి మళ్ళీ విప్పాం. మాలో ఒకడికి ఆయాసం ఉంది. వాడి ఇన్‌హేలరు వాడి జేబులోకి, అదనంగా ఇంకొకటి వాళ్ళమ్మ సంచిలోకి వెళ్ళాయి. మామ్మ బీపీ మాత్రలు రెండు భాగాలై రెండు సంచుల్లోకి చేరాయి. మందుల చీటీ నకలు ఒకటి జతచేశాం. ఆంటీ దగ్గర జ్వరం మాత్రలు, దూది, ఓఆర్ఎస్ పొట్లాలు మాత్రమే మిగిలాయి.

తూకం లెక్క

తొమ్మిదో తరగతి చదివే మాలో ఒకరి సంచి చివరికి ఇలా తేలింది. అంకెలు గ్రాముల్లో.

ఖాళీ సంచి: 1,100
టీ షర్టులు నాలుగు: 680
పల్చటి ప్యాంట్లు రెండు: 700
లోదుస్తులు, మేజోళ్ళు: 400
రాత్రి వేసుకునే బట్టలు: 350
పల్చటి తుండుగుడ్డ: 180
చెప్పులు: 300
స్నానం సామాను: 450
పవర్ బ్యాంకు, ఛార్జరు: 500
మందులు: 200
ఖాళీ నీళ్ళ సీసా: 150
ఒక పుస్తకం: 250
ఉమ్మడి సామానులో వాటా: 600
మొత్తం: 5,860

చక్రాల పెట్టె అయితే ఖాళీదే రెండు కిలోల పైన తూగుతుంది. అందుకే భుజాల సంచి ఎంచుకున్నాం. బరువైన బూట్లు, జీన్సు సంచిలో పెట్టకుండా వేసుకుని బయలుదేరాం. బట్టలు చుట్టలుగా చుడితే చోటు కలిసొస్తుంది గాని బరువు తగ్గదు. బరువు తగ్గాలంటే తీసెయ్యడమే దారి. రాత్రి ఉతికి పొద్దున్నే వేసుకోవాలి కనుక మందపాటి నూలు బట్టల కంటే బడిలో ఆటలకు వేసుకునే హౌస్ టీ షర్టు మేలు. సింగపూర్ గాలిలో తేమ ఎక్కువ. నూలు చొక్కా తెల్లారినా ఆరదు. పెద్ద తువ్వాలు అర కిలో, తుండుగుడ్డ దానిలో సగం కూడా ఉండదు.

మిగిలిన కిలో చిల్లరను ఖాళీగానే ఉంచాం. తిరుగు ప్రయాణంలోనూ అదే ఏడు కిలోలని, అప్పుడు చిన్న చిన్న కానుకలు కూడా ఉంటాయని మరవకూడదు.

ఇంకో మాట. ఏడు కిలోలు అనుమతించే పరిమితి. అంత మొయ్యాలని ఎవరూ చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన బడిసంచుల విధానం ప్రకారం పిల్లల సంచి వాళ్ళ బరువులో పదో వంతు మించకూడదు. విమాన ప్రయాణానికి ఆ నియమం లేకపోయినా పిల్లల వీపు మాత్రం అదే. అందుకని మాలో చిన్నవాడి సంచిని మూడు కిలోల దగ్గర ఆపేశాం. మిగతావి వాళ్ళ నాన్న సంచిలోకి వెళ్ళాయి.

బయలుదేరే ముందురోజు సంచులు తగిలించుకుని మూడంతస్తులు ఎక్కి దిగాం. హార్బరు రోడ్డు చివరి దాకా నడిచి వచ్చాం. ఆ నడకలో ఇద్దరికి భుజం పట్టీ కోసుకుంది. ఒకరు ఇంకో ప్యాంటు తీసేశారు. ఈ రిహార్సల్ తప్పకుండా చెయ్యండి.

అక్కడ జరిగింది

పుదుచ్చేరి లాస్‌పేటలో విమానాశ్రయం ఉన్నా విదేశాలకు విమానాలు లేవు. కనుక తూర్పు తీర రహదారి మీద దాదాపు 150 కిలోమీటర్లు వ్యానులో చెన్నై వెళ్ళాం. అక్కడినుంచి సింగపూర్ నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. దిగాక గడియారాలు రెండున్నర గంటలు ముందుకు జరుపుకున్నాం. బెల్టు దగ్గర ఆగకుండా నేరుగా బయటికి నడుచుకుంటూ వెళ్ళిపోయాం. మామ్మ రెండు చేతులూ ఇద్దరు పట్టుకున్నారు.

మూడో రోజు సాయంత్రం మెట్రో స్టేషనులో రద్దీ ఎక్కువగా ఉంది. మాలో ఆరుగురం ఎక్కేసరికి తలుపులు మూసుకున్నాయి. ఐదుగురు ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయారు. జిప్‌మర్ ఆంటీ, ఆయాసమున్న మా స్నేహితుడి అమ్మా ఆ ఐదుగురిలోనే ఉన్నారు. వాడు మాతో ఉన్నాడు. కంగారులో వాడికి ఊపిరి బిగపట్టింది. వాడే జేబులోంచి ఇన్‌హేలరు తీసి పీల్చుకున్నాడు. తరువాతి స్టేషనులో దిగి బెంచీ మీద కూర్చున్నాం. కొద్ది నిమిషాల్లో వెనక రైల్లో మిగతావాళ్ళు వచ్చేశారు. వాడప్పటికి మామూలుగా ఉన్నాడు.

ఆ రాత్రి ఎవరూ దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. మందులన్నీ ఒకే సంచిలో పెట్టిన మొదటి రోజే మా అందరికీ గుర్తొచ్చింది.

తిరిగి వచ్చాక

జూన్‌లో బడి తెరిచిన వారానికే కోస్ట్ గార్డు అంకుల్‌కు విశాఖపట్నం బదిలీ ఉత్తర్వు వచ్చింది. మళ్ళీ అట్టపెట్టెలు, గోనెసంచులు, లారీ. ఈసారి మేమందరం కలిసి సర్దాం. ప్రతి పెట్టె దగ్గరా ఎవరో ఒకరు “ఇది మనలో ఇంకెవరి దగ్గరైనా ఉందా?” అని అడగడం, అందరూ నవ్వడం.

చివర్లో ఒక చిన్న చిక్కు వచ్చింది. ఉమ్మడి సామానులో అడాప్టరు, నైలాను తాడు మూడు కుటుంబాలవీ. పంచుకోవడానికి కుదరవు. ఎవరి దగ్గర ఉండాలి? వెళ్ళేవాళ్ళకే ఇచ్చాం. వచ్చే ప్రయాణానికి ఎక్కడ కలిసినా అవి తేవాల్సింది వాళ్ళే. ఛార్జర్లు తేవాల్సింది మేము.